కనపడని గీత కూడా తెగుతుంది

డీటీపీ చేసేవాడి చేతిలో తెల్ల డబ్బాకి మించిన ఆయుధం లేదు. శుభలేఖలో ముహూర్తం టైము తప్పు పడిందంటే, దాని మీద తెల్ల రంగు నింపిన డబ్బా ఒకటి గీసి, ఆ పైన సరైన టైము కొట్టి ప్రింటుకి పంపేయడమే. కింద పాత టైము అలాగే ఉంటుంది. కాగితం మీద పడదు కాబట్టి లేనట్టే లెక్క. పేజ్‌మేకర్ రోజుల్లో మొదలుపెట్టి, కోరెల్‌డ్రాకి మారి, కరపత్రాల నుంచి ఫ్లెక్సీల దాకా ఈ విద్యతోనే నెట్టుకొచ్చాను. ఫోటోలో పక్కవాడి భుజం అడ్డమొచ్చిందా, డబ్బా. పువ్వు సగమే కావాలా, మిగతా సగం మీద డబ్బా. గంటలో ఫ్లెక్సీ కట్టాలని నెత్తిన కూర్చునే చోట ఎవడూ శుభ్రంగా చెరిపి మళ్ళీ గీయడు.

లేజర్ కటింగ్‌కి ఫైలు చేయడం కూడా ఇంతేననుకుని దిగాను. విజయవాడలో ఫ్లెక్సీ పనికి పోటీ పెరిగి మిగులు తగ్గిన రోజులవి. నేమ్‌ప్లేట్లు, పూజ గది జాలీలు, పెళ్ళి స్టేజీ మీద నిలబెట్టే పేర్లు, రిటర్న్ గిఫ్టు డబ్బాలు అడిగేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. మెషిను నాది కాదు. ఒక కుర్రాడు షెడ్డులో పెట్టుకుని నడుపుతున్నాడు. నేను ఫైలు చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే అతను కోసిస్తాడు. నిమిషాల లెక్కన డబ్బు. ఫైలు తప్పయితే షీటు ఖర్చు నాది, మెషిను మొరాయిస్తే అతనిది. ఈ ఒప్పందంలో ఎక్కువసార్లు జేబులో చెయ్యి పెట్టింది నేనే. అలా చెడిపోయిన షీట్లలో చాలావాటికి కారణం నాకు లేజర్ తెలియకపోవడం కాదు, ప్రింటింగ్ మరీ బాగా తెలిసి ఉండటం.

ఈ లేజర్‌ని మనం కొత్త సరుకనుకుంటాం గానీ, మన ఊరి షాపుల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌కి 60 ఏళ్ళు దాటాయి. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దాన్ని తయారుచేశాడు. కిరణం కంటికి కనపడదు. తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. యాక్రిలిక్, ప్లైవుడ్, ఎండీఎఫ్, కాగితం ఆ వేడిని బాగా పీల్చుకుంటాయి, అందుకే తెగుతాయి. గాజు గొట్టంలో పుట్టిన కిరణాన్ని మూడు అద్దాలు తిప్పి తీసుకొస్తాయి, చివర్లో లెన్సు దాన్ని సన్నని చుక్కగా షీటు మీదకి దించుతుంది. ఆ చుక్క ఎటు నడవాలో చెప్పేదే మన ఫైలు.

అసలు తేడా అంతా ఇక్కడే. ప్రింటరు పేజీని పైనుంచి చూసినట్టు చూస్తుంది. అన్నిటికన్నా పైన ఏముందో అదే పడుతుంది, కిందున్నది పోతుంది. కటింగ్‌లో మెషిను ఫైల్లో ఉన్న గీతలన్నీ ఏరుకుని ఒక్కొక్కదాని వెంటా నడుస్తుంది. దానికి పైన, కింద అనేవి లేవు. లోపల ఏ రంగు నింపామో పట్టదు. గీతని ఎంత లావు పెట్టామో అంతకంటే పట్టదు. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా నాకు ముందే చెప్పినా తలూపేవాణ్ణే. తల ఊపడానికి, మౌసు మీద చెయ్యి మారడానికి మధ్య చాలా దూరం ఉంది.

మొదటి దెబ్బ పూజ గది తలుపు జాలీతో తగిలింది. ఆరు ఎమ్మెమ్ ఎండీఎఫ్, రెండడుగుల వెడల్పు. మధ్యలో పద్మం, దాని చుట్టూ తీగలు, అంచున మామిడిపిందెల వరస. తీగలు అంచు పట్టీ కిందకి పోయినట్టు ఉండాలి కాబట్టి, నాకు అలవాటైన పద్ధతిలో తీగల్ని బయటికి వదిలేసి, వాటి మీద తెల్ల పట్టీలు నాలుగు పరిచి, ఆ పైన పిందెలు పేర్చాను. తీగ కాడలు విడిగా గీయడం దండగని ఒంటి గీత గీసి, అవుట్‌లైన్ మందం నాలుగు ఎమ్మెమ్ పెట్టాను. ప్రింటు తీసి ఇంటివాళ్ళకి చూపించాను. చాలా బాగుందన్నారు. కాగితం మీద నిజంగానే బాగుంది.

కోత అయ్యాక షీటు పైకెత్తితే అంచు ఫ్రేము ఒక్కటే చేతిలోకొచ్చింది. పద్మం, తీగలు, మామిడిపిందెలు ఎక్కడివక్కడ తేనెపట్టు లాంటి మెషిను బెడ్డు మీదే ఉండిపోయాయి. తెల్ల పట్టీల నాలుగు అంచులూ మెషిను శ్రద్ధగా కోసింది మరి. కాడలు కాడల్లా లేవు. నాలుగు ఎమ్మెమ్ లావు కనపడాల్సిన చోట వెంట్రుకంత చీలిక ఉంది. పట్టీల కింద నేను దాచిన ఆకుల చివర్లు కూడా తెగి, పొగచూరిన ముక్కలై ట్రేలో పడ్డాయి.

"మెషిను తేడాగా ఉంది, ఓసారి చూసుకో తమ్ముడూ" అన్నాను. సిగ్గుపడాల్సిన మాట అదే. షీటు పోయినందుకు కాదు, ఫైలు వైపు చూడకుండానే ఆ మాట అన్నందుకు. అతను వాదించలేదు. నా ఫైలు తన కోరెల్‌లో తెరిచి, వ్యూ మెనూలోకి వెళ్ళి వైర్‌ఫ్రేమ్ నొక్కాడు. రంగులు, నింపుళ్ళు, లావు గీతలు అన్నీ ఎగిరిపోయి సన్నగీతల వల ఒకటి మిగిలింది. తెల్ల పట్టీలు, వాటి కింద సగం సగం ఆకులు, పద్మం రేకుల కింద నేను మర్చిపోయిన ఇంకో పద్మం. పేజీ బయట, మూలన, ఎప్పుడో చేసిన బట్టల కొట్టు బోర్డు తాలూకు అక్షరాలు కూడా ఉన్నాయి.

"మెషినుకి కనపడేది ఇదే అన్నా" అన్నాడు.

పేజీ బయట సామాను పడేసుకోవడం కూడా మా వాళ్ళ అలవాటే. ప్రింటులో పేజీ వరకే వస్తుంది గనక బయట ఏమున్నా బెంగ లేదు. మెషినుకి ఇచ్చేందుకు డీఎక్స్ఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మాత్రం ఆ చెత్త కూడా బండెక్కుతుంది. ఆ మెషిను బెడ్డు 1300 బై 900 ఎమ్మెమ్. జాలీ అందులో హాయిగా పట్టాలి. మూలనున్న అక్షరాలతో కలిపి లెక్కేసుకుని అది బెడ్డు దాటిపోతోందని మెషిను మొదట మొరాయిస్తే, ఆ అక్షరాల్ని అతనే తీసేసి కోశాడట. అది కూడా అప్పుడే చెప్పాడు.

పవర్‌క్లిప్‌దీ ఇదే కథ. ఒక ఆకారంలోకి ఇంకో డిజైన్ని దూర్చి, బయటికి పొడుచుకొచ్చేది కనపడకుండా చేసే సదుపాయం అది. కనపడకుండా చేస్తుందంతే, కత్తిరించదు. కోతకి పంపేటప్పుడు క్లిప్పు విప్పేసి, ట్రిమ్‌తోనో ఇంటర్‌సెక్ట్‌తోనో నిజంగా కత్తిరించాలి. లావు గీతలకి మందు కంట్రోల్ షిఫ్ట్ క్యూ. అవుట్‌లైన్ అప్పుడు రెండు అంచులున్న ఆకారమవుతుంది, కాడ కాడగా తెగుతుంది. ఆ జాలీ మళ్ళీ చేసినప్పుడు మొత్తం పని వైర్‌ఫ్రేమ్‌లోనే చేశాను. కళ్ళు లాగేశాయి. రంగు లేకుండా గీయడం, ఉప్పు లేకుండా తినడం ఒకటే.

రెండో జాలీ ఊడిపోలేదు గానీ మధ్యన నిలువునా నల్లటి చార పడింది. మేం డిజైన్ సగమే గీస్తాం. దాన్ని మిర్రర్ చేసి రెండో సగం పక్కన అంటిస్తాం. నా సగానికి మధ్యగీత ఉంది, మిర్రర్ చేసిన దానికీ ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. తెర మీద ఒకటే గీత. మెషిను మాత్రం ఒకసారి వెళ్ళి కోసి, మళ్ళీ అదే దారిన తిరిగొచ్చింది. రెండోసారి కోయడానికి అక్కడ సరుకు లేదు, కాల్చడానికి అంచులు ఉన్నాయి. ఎండీఎఫ్‌లో పొడీ జిగురూ కలిసే ఉంటాయి, వేడి ఎక్కువైతే అంచు బొగ్గయి చేతికి మసి అంటుకుంటుంది. యాక్రిలిక్ అయితే మంట లేచినా లేస్తుంది. పైగా నిమిషాల లెక్కన డబ్బు కడుతున్నవాణ్ణి, కోసిన గీతనే మళ్ళీ కోయించుకోవడానికి కూడా కట్టానన్నమాట.

జాలీల్లో ఒక గడిని కాపీ చేసుకుంటూ పోతే పక్కపక్క గళ్ళకి ఉమ్మడి గోడలన్నీ ఇలా రెట్టింపవుతాయి. డిజైన్, కోత సాఫ్ట్‌వేర్లలో వీటిని ఏరేసే మీటలున్నాయి. ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ అనే కమాండు ఉంది, ఆర్డీవర్క్స్‌లో, లైట్‌బర్న్‌లో కూడా డూప్లికేట్లు తీసేసే ఏర్పాటుంది. కాకపోతే అచ్చంగా ఒకేలా ఉన్న గీతల్ని పట్టినంత తేలిగ్గా, ఒక పొడుగు గీత మీద పొట్టి గీత పడుకుని ఉంటే పట్టవు. ఓవర్‌కిల్ దానిక్కూడా దారి చూపిస్తుంది గానీ, కోరెల్‌లో పనిచేసేవాడికి ఉన్న సులువైన పరీక్ష ఒకటే. గీతని పట్టుకుని పక్కకి జరిపి చూడటం. కింద ఇంకోటి కనపడితే దొంగ దొరికినట్టే.

గీతలు మరీ ఎక్కువవడానికి ఇంకో దారి వాట్సాప్. కస్టమరు లోగో పంపమంటే విజిటింగ్ కార్డుని ఫోన్లో ఫోటో తీసి పంపిస్తాడు. దాన్ని ఆటోమేటిగ్గా ట్రేస్ చేయించి, రంగులు కుదిరాయి కదా అని ముందుకు పోయేవాణ్ణి. ట్రేస్ చేసినప్పుడు పెన్సిలు గీత లాంటి సన్నగీతకి కూడా అటొక అంచు, ఇటొక అంచు వస్తాయి. నెమలి బొమ్మలో ఒక్క ఈక గీత రెండు కోతలై, మధ్యలో దారప్పోగంత ముక్క రాలిపోతుంది. గీతల నిండా అవసరం లేని నోడ్లు, అంటే గీత మలుపు తిరిగే చుక్కలు. గుండ్రంగా జారాల్సిన చోట మెషిను తల చిన్నచిన్న కుదుపులతో వణుకుతూ పోతుంది, అంచు రంపం పళ్ళలా వస్తుంది. లోగో అయినా బొమ్మయినా ఇప్పుడు ట్రేస్ చేయను. ఫోటోని వెనక పెట్టుకుని పైన చేత్తో గీస్తాను. పది నోడ్లతో పోయే వంపుకి రెండొందలు ఎందుకు?

కొలతల సంగతి క్లుప్తంగా. డీఎక్స్ఎఫ్ ఫైలు చాలాసార్లు అంకెలే మోసుకెళ్తుంది, అవి అంగుళాలా ఎమ్మెమ్‌లా అన్నది తెరిచేవాడి ఇష్టానికి వదిలేస్తుంది. 10 ఎమ్మెమ్ అనుకున్నది అవతల 10 అంగుళాలుగా తెరుచుకుంటే 25.4 రెట్లు పెరుగుతుంది. అంత పెద్ద తప్పు ఎవరి కంటికైనా ఆనుతుంది కాబట్టి ప్రమాదం తక్కువ. ముంచేవి చిన్న తప్పులు. ఇలస్ట్రేటర్ ఎస్వీజీ రాసేటప్పుడు అంగుళానికి 72 పిక్సెళ్ళ లెక్క వేసుకుంటుంది, ఇంక్‌స్కేప్ 96 లెక్కన చదువుతుంది. 100 ఎమ్మెమ్ బొమ్మ 75 అయి కూర్చుంటుంది. తెర మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. తాళం చెవుల బోర్డు ఒకటి అలా ముప్పావు సైజులో కోయించి, తాళాలు తగిలించబోతే ఒకదాని మీద ఒకటి పడుతుంటే గానీ తెలియలేదు. అప్పటినుంచి నా ప్రతి ఫైల్లో ఓ మూల 100 ఎమ్మెమ్ చదరం ఉంటుంది, కోయని లేయరులో. అవతల తెరిచినవాడు ముందు దాన్ని కొలుస్తాడు, తర్వాతే మిగతా పని.

డబ్బాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ గీతలన్నీ సరిగ్గా ఉండి కూడా పని చెడింది. పెళ్ళిలో పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే చిన్న ఎండీఎఫ్ డబ్బాలు. అంచుల్లో పళ్ళు, అవి ఎదుటి పలక గాడిలో దిగేలా జాయింటు. షీటు మీద 3 ఎమ్మెమ్ అని ఉంది, నేను గాడి వెడల్పు 3 అని గీశాను. ప్రింటింగ్‌లో 3 అంటే 3. కానీ లేజర్ కోసేటప్పుడు గీత వెంట కొంత సరుకు ఆవిరైపోతుంది. దాన్ని కెర్ఫ్ అంటారు. మా ఎండీఎఫ్‌కి అది 0.15 ఎమ్మెమ్ వచ్చింది. అంటే మూడు అనుకున్న గాడి 3.15 అయింది. ఇక అందులో దిగే షీటుని వెర్నియర్‌తో కొలిస్తే 2.7! పేరుకి మూడు, కొలిస్తే మూడుకి తక్కువ. దాదాపు అర ఎమ్మెమ్ ఆట. డబ్బా చేత్తో పట్టుకుంటే లటలటా ఊగింది. పళ్ళ వెడల్పులోనూ ఇదే నష్టం రెండు వైపులా. పన్ను ఒక కెర్ఫు సన్నబడుతుంది, అది దిగాల్సిన సందు ఒక కెర్ఫు వెడల్పవుతుంది. ఫెవికాల్‌లో ఎండీఎఫ్ పొడి కలిపి సందులు పూడ్చి, రాత్రంతా ఇంటిల్లిపాదీ రబ్బరు బ్యాండ్లు వేసి ఆ ఆర్డరు గట్టెక్కించాం.

కెర్ఫ్ ఎంతో ఏ పుస్తకంలోనూ వెతకక్కర్లేదు. 20 ఎమ్మెమ్ చదరం కోయించి కొలిస్తే ఎంత తగ్గిందో అదే. ఇంకా కచ్చితంగా కావాలంటే పట్టీలు పక్కపక్కనే కోయించి, అన్నిటినీ ఒక వైపుకి నెట్టి, మిగిలిన ఖాళీని కోతల సంఖ్యతో భాగిస్తే చాలు. ఆ కొలతలో సగం చొప్పున బయటి గీతని బయటికి, లోపలి గీతని లోపలికి జరపాలి. లెన్సు ఫోకస్ మారినా, పవరు మారినా, స్పీడు మారినా ఈ అంకె మారుతుంది. ఇదంతా నేర్చుకున్నానన్న ధీమాతో, ఎండీఎఫ్‌కి బిగువుగా కుదిరిన అంకెల్నే యాక్రిలిక్ డబ్బాకి వాడాను. ఎండీఎఫ్ నొక్కితే కాస్త సర్దుకుంటుంది. యాక్రిలిక్ సర్దుకోదు, పగులుతుంది. గాడి మూలన టక్కుమని పగులు, అది పలక సగం దాకా పాకింది. యాక్రిలిక్‌కి వదులు ఉంచి అతికించుకోవాలి. పైగా ఆ మూలలు కోసుగా కాకుండా కొంచెం గుండ్రంగా గీస్తే పగులు పుట్టే చోటు తగ్గుతుంది.

సరుకు గురించి ఇంకొక్క మాట. ఫ్లెక్సీ బోర్డుల పని నుంచి వచ్చినవాళ్ళందరి దగ్గరా సన్‌బోర్డ్ ముక్కలు ఉంటాయి. తేలిక, చవక, తెల్లగా ముచ్చటగా ఉంటుంది. అది కోయమని నేనే పట్టుకెళ్ళాను. కుర్రాడు ముట్టుకోనన్నాడు. అది పీవీసీ. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. పీల్చిన ఊపిరితిత్తులకి ప్రమాదం, తేమ తగిలితే ఆమ్లమై మెషిను పట్టాల్ని తుప్పు పట్టిస్తుంది. షీటు ఏదో అనుమానంగా ఉంటే అతని దగ్గర ఒక రాగి తీగ ఉంది. దాన్ని ఎర్రగా కాల్చి షీటుకి తాకించి, మళ్ళీ మంటలో పెడతాడు. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు, ఆ షీటు వెనక్కి. రెక్సిన్ ముక్కలు కూడా చాలావరకు ఆ పరీక్షలో పోతాయి. ఇప్పుడు నా ఫైలు పేరులోనే సరుకు, మందం రాస్తాను. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అని పేర్లు పెట్టుకున్న కాలం పోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు. తెలుగు అక్షరాలు ఒక ఎత్తు. ఇంగ్లీషు నేమ్‌ప్లేట్లు చేసేవాడికి ఈ బాధ సగం కూడా తెలియదు.

రిటైరైన మాష్టారు ఒకాయన ఇంటికి "పద్మ నిలయం" అని పేరు. గోడ మీద విడివిడి అక్షరాలుగా, బంగారు రంగు యాక్రిలిక్‌లో కావాలన్నారు. మేం వాడేవి అను ఫాంట్లు. యూనికోడ్ రాకముందు పుట్టిన ఫాంట్లలో ఉన్న కొద్ది గళ్ళలోనే తెలుగంతా సర్దాలి కాబట్టి, చాలా అక్షరాలు ముక్కలుగా ఉంటాయి. గుణింతం ఒక ముక్క, వత్తు ఒక ముక్క. కొట్టేటప్పుడు అవి ఒకదాని మీదకి ఒకటి ఎక్కి అక్షరమవుతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పద్మ నిలయం కాస్తా ఇంగ్లీషు అక్షరాల కుప్ప అవుతుందని మాకు ఎప్పటినుంచో తెలుసు. అందుకని కంట్రోల్ క్యూ కొట్టి కర్వులుగా మార్చి ఇస్తాం. అక్కడివరకు బాగానే చేశాను.

తర్వాత ముక్కలన్నీ ఒకటి కావాలని కంబైన్ కొట్టాను. కొట్టాల్సింది వెల్డ్. కంబైన్ చేస్తే రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోటు చిల్లి అవుతుంది. తెర మీద "ని"లో గుడి వచ్చి అక్షరాన్ని తాకే చోట గోరంత తెల్ల మచ్చ ఉంది. చూశాను, జూమ్ చేసినప్పుడు వచ్చే మరక అనుకున్నాను. మెషిను దాన్ని చిల్లిగా కోసింది. అక్షరాన్ని చెక్కడానికి ఇచ్చినా ఇంతే, ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోటు చెక్కకుండా వదిలేస్తుంది. యూనికోడ్ ఫాంట్లలో ఈ తంటా తక్కువే గానీ, "శ్రీ"లో ర వత్తు, "ద్మ"లో మ వత్తు అక్షరానికి తగులుతున్నాయో లేదో దగ్గరికెళ్ళి చూసుకోక తప్పదు.

అసలు ఘోరం అది కాదు. మన అక్షరాల్లో కొన్నిటికి తలకట్టు అంటుకుని ఉండదు. ఘ, ప, ఫ, ష, స, హ. వీటి నెత్తిన తలకట్టు గాలిలో తేలుతూ ఉంటుంది. కాగితానికి అదేం లెక్క కాదు. యాక్రిలిక్‌లో కోస్తే అది వేరే ముక్క. కోత అయిపోయాక బెడ్డు కన్నాల్లోంచి జారి కింద ట్రేలో పడింది. వత్తూ అంతే. సున్నా అయితే రింగు ఒకటి, లోపలి బిళ్ళ ఒకటి. ట్రేలో పాత పనుల తాలూకు మసి పట్టిన ముక్కల మధ్య, గోరు సైజు టిక్కు మార్కు ఒకటి వెతుక్కుంటూ ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. దొరికింది గానీ మీద గీతలు పడిపోయాయి.

రెండోసారి తెలివిగా ఆలోచించాననుకుని, "ప" ఎడమ కొమ్ముకీ తలకట్టుకీ మధ్య చిన్న వంతెన గీశాను. ఇప్పుడు అక్షరం ఒకే ముక్క. ఎంత శుభ్రంగా వచ్చిందంటే, నాకు నేనే ముచ్చటపడి ఫోటో తీసుకున్నాను. మాష్టారింటికి తీసుకెళ్ళి, గుమ్మం పక్కన పెట్టి చూపించాను. లోపల్నుంచి వచ్చిన ఆయన భార్య ముందు చదివారు. నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. మాష్టారు కళ్ళజోడు సవరించుకుని, "బాబూ, మా ఆవిడ పేరు వద్మ కాదు" అన్నారు.

తలకట్టు అంటితే "వ", అంటకపోతే "ప". ఒకటో తరగతిలో పలక మీద దిద్దినప్పుడు పంతులమ్మ దెబ్బ వేసి మరీ చెప్పిన తేడా. నేను ఫాంటులో ఉన్న ఆకారాన్ని చూశాను, విడిపోతున్న ముక్కని చూశాను. అక్షరాన్ని చదవలేదు. జాలీ దగ్గర మెషిను ఏం చూస్తుందో పట్టించుకోలేదు, ఇక్కడ మెషిను చూసేదే చూసి, మనిషి చదివేది మర్చిపోయాను. మాష్టారు ఆ బోర్డుకి డబ్బిస్తానన్నారు. తీసుకోలేదు.

విడి అక్షరాలకి ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. పేరంతా వెల్డ్ చేశాక, దాని చుట్టూ ఐదారు ఎమ్మెమ్ ఎడంలో కాంటూర్ గీస్తాను. అంత ఎడం ఇస్తే తలకట్లు, వత్తులు, సున్నాలు అన్నీ ఒకే చుట్టులో కలిసిపోతాయి. ఆ ఆకారాన్ని వెనక పలకగా వేరే రంగులో కోయించి, దాని మీద అక్షరాల హద్దులు తేలిగ్గా చెక్కిస్తాను. అతికించేటప్పుడు ఏ తలకట్టు ఎక్కడ కూర్చోవాలో గీతే చెప్తుంది. బంగారు రంగు వెనక నల్లటి నీడలా కనపడి అందం కూడా వస్తుంది, కస్టమర్లు అది నా డిజైన్ అనుకుంటారు, నేనూ కాదనను. లోపలి రంధ్రాలు ముందు, బయటి చుట్టు చివర కోయాలన్న వరస కూడా ఫైల్లోనే పెట్టేస్తాను. బయటిది ముందు తెగితే ముక్క కాస్త వాలిపోయి లోపలి కోత పక్కకి పోతుంది.

వెనక పలక పెట్టుకోవడానికి వీల్లేని పనులు కొన్ని ఉంటాయి. పెళ్ళి స్టేజీ మీద వెనకనుంచి లైటు వేసే పేర్లు, గోడకి రంగు కొట్టే స్టెన్సిళ్ళు. వాటికి వంతెనలు తప్పవు. అక్షరం ఖాళీగా తెగిపోయే స్టెన్సిల్లో గుండ్రటి కడుపులన్నీ రాలిపోతాయి, మన అక్షరాల్లో కడుపు లేనివి ఎన్ని గనక! వంతెన ఎక్కడ పెడితే అక్షరం మారకుండా ఉంటుందో ఒక్కో అక్షరానికీ విడిగా చూసుకోవాలి. "ప"కి కుడివైపు నుంచి సన్నగా, ఇది అతుకే అని తెలిసేలా ఇస్తే కన్ను దాన్ని దాటేసి చదువుతుంది. గీతంత లావుగా ఇస్తే చదివేస్తుంది. "స"కి, "హ"కి అదే సూత్రం పనిచేసింది. "థ" కడుపులో చుక్క చాలా ఏడిపించింది, చివరికి పక్కనుంచి అడ్డంగా పోగు ఇచ్చి ఒప్పించాను.

ఇలా సరిచేసిన అక్షరాలన్నీ ఒక ఫైల్లో దాచుకుంటున్నాను. పని వచ్చినప్పుడు అందులోంచి తీసి పేర్చుకోవడమే. కొత్త పేరు వస్తే ముందు కాగితం మీద ప్రింటు తీసి, డిజైన్ సంగతి తెలియని మా పక్క జిరాక్సు షాపు అమ్మాయికి ఇచ్చి చదవమంటాను. తడుముకోకుండా చదివితే కోతకి వెళ్తుంది. ఆ ఫైల్లో "ఠ" ఒక్కటే ఖాళీగా ఉంది. గుండ్రటి గూట్లో మధ్యనున్న ఆ చుక్కని ఎటు నుంచి అంటించినా అమ్మాయి ఇంకేదో చదువుతోంది. శ్రీకంఠ అనే పెళ్ళికొడుకు ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది.